నది విడిచిన రంగస్థలము

ఢిల్లీ నగరమున ఎర్రకోట తూర్పుగోడ వెంబడి నడచు బాటసారికి ఒక విచిత్రము కానవచ్చును. కోటలోని సుందరమందిరములు, రంగమహలు, దివానె ఖాస్, ముసమ్మన్ బురుజు మొదలైనవన్నియు తమ గవాక్షములను తూర్పునకే తెరచియున్నవి. నగరమున్నది పడమట. ఈ మందిరములు నగరమునకు వీపు చూపి, ఎవరికొఱకో ఎదురుచూచుచున్నట్లు నిలిచియున్నవి. ఆ కిటికీల క్రింద నేడున్నది నగరమును చుట్టివచ్చు రాజమార్గము. దానిపై రేయింబవళ్లు ఎడతెగని వాహనముల రొద. వానికి కావలసిన యమున అక్కడ లేదు. ఆమె తూర్పునకు జరిగి, చెట్లకును పొలములకును ఆవల ప్రవహించుచున్నది. ప్రేక్షకుల ఆసనములు మిగిలినవి. ఎదుటి రంగము మాయమైనది. ఢిల్లీలోని నదీతీర వినోదముల చరిత్ర అంతయు ఈ ఒక్క దృశ్యమున ఇమిడియున్నది.

బహిరంగ ప్రదేశమున ఆటపాటలు జరుపుట మన దేశమునకు క్రొత్త గాదు. అయినను శాస్త్రకారులు దానిని అంతగా మెచ్చలేదు. భరతముని నాట్యగృహములను వికృష్టము, చతురశ్రము, త్ర్యశ్రము అని ఆకారమును బట్టి మూడు విధములుగా విభజించెను. మనుష్యులకు 64 హస్తముల నిడివిగల మధ్యమ గృహమే తగినదని నిర్ణయించెను. అంతకు మించినచో నటుని కంఠము చెదరిపోవుననియు, ముఖమందలి భావము వెనుక కూర్చున్నవారికి కానరాదనియు ఆయన హెచ్చరిక. నాట్యగృహము కొండగుహవలె నుండవలెను. దానిలో గాలి విరివిగా చొరరాదు. అప్పుడే ధ్వని గంభీరముగా నిలుచును. ఈ సూత్రములతో కొలిచి చూచినచో ఏటియొడ్డు నాట్యమునకును గానమునకును బొత్తిగా పనికిరాని చోటు. అయినను జనులు ఏటియొడ్డునకే పోయిరి. వారిని అచ్చటికి పంపినది శాస్త్రము కాదు, వేసవి.

ఉత్తరాపథమున జ్యేష్ఠమాసపు పగటివేళ ‘లూ’ అను వడగాలి వీచును. రాతియిండ్లు పగలు త్రాగిన వేడిమిని రాత్రి వెడలగ్రక్కును. అప్పుడు మనిషికి మిగిలిన దిక్కులు రెండే. ఇంటి మిద్దె, లేనిచో నదీతీరము. తీరమునకు మరియొక గుణము కలదు. ప్రొద్దు క్రుంకినపిమ్మట నీటినంటిన గాలి త్వరగా చల్లబడును. దాని పైనున్న గాలి ఇంకను వెచ్చగనే ఉండును. చల్లని గాలిలో శబ్దము కొంత నెమ్మదిగా నడచును. కావున ఆకాశమునకు ఎగసిపోవలసిన ధ్వని పైని వంగి, మరల నీటివైపునకు దిగివచ్చును. ఆవలియొడ్డున పడవవాడు తీసిన కూనిరాగము ఈవలియొడ్డున స్పష్టముగా వినబడుటకు కారణమిదియే. దీనికితోడు పాడువాని వెనుక ఒక గోడయు, వినువారికి మెట్టమెట్టగా లేచిన నేలయు ఉన్నచో, భరతుడు కోరిన గుహ సగము సిద్ధమైనట్లే. యమున పడమటి గట్టు అట్టి మెట్టనేల. ఢిల్లీని ఏలిన రాజులు పలువురు ఆ గట్టునే కోరి కోటలు కట్టుకొనిరి.

వారిలో ఫిరోజ్‌షా తుగ్లక్ ముఖ్యుడు. ఆయన 1354వ సంవత్సరమున యమునయొడ్డున ఫిరోజాబాదు నగరమునకు పునాది వేసెను. దాని దుర్గభాగమే నేడు ఫిరోజ్‌షా కోట్లా అనబడుచున్నది. ఆ కోటలో మెట్లు మెట్లుగా లేచిన కట్టడముపై అశోకుని ఏకశిలాస్తంభమొకటి నిలిచియున్నది. దానిని తోప్రా గ్రామమునుండి కొనివచ్చిన విధమును షమ్స్ సిరాజ్ అఫీఫ్ అను చరిత్రకారుడు విపులముగా వర్ణించెను. స్తంభము మొదట త్రవ్వి, అది పడుచోట దూదిని మెత్తగా పరచి, దానిపైకి మెల్లగా ఒరగజేసిరట. రెల్లుతోను పచ్చితోళ్లతోను చుట్టి, 42 చక్రముల బండిపై నెక్కించిరట. ఒక్కొక్క చక్రమునకు కట్టిన త్రాటిని 200 మంది లాగిరట. అట్లు యమున దరికి చేర్చి, పెద్ద పడవలపై ఫిరోజాబాదునకు దింపిరి. నదియే లేనిచో ఆ స్తంభము అక్కడ ఉండెడిది కాదు. సుల్తానునకు దానిపై వ్రాసినదేమో తెలియలేదు. అడిగి చెప్పించుకొనదలచినను చదువగలవారు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి రహస్యమును భేదించినప్పుడు, అందున్నది ధర్మము నుపదేశించు రాజు వాక్కని లోకమునకు తెలిసెను. వినువారు లేక రెండువేల యేండ్లు నిలిచిన వాక్కది. ఈ విషయము ముందు కథకు అవసరమగును.

షాజహాను 1639లో ఎర్రకోటకు శంకుస్థాపన చేసి, 1648 నాటికి దానిని పూర్తిచేయించెను. కోట తూర్పుగోడకును నీటికిని నడుమ ఒక ఇసుక మైదానముండెడిది. దానిని ‘జేర్ ఝరోకా’, అనగా గవాక్షము క్రింది నేల, అని పిలిచెడివారు. ప్రతి ఉదయమును పాదుషా ముసమ్మన్ బురుజు గవాక్షమున ప్రజలకు దర్శనమిచ్చెను. అర్జీలు పెట్టుకొనువారు, కేవలము చూచి పోవువారు, పాదుషా ముఖము చూడక అన్నము ముట్టమను వ్రతము పట్టినవారు ఆ ఇసుకపై గుమిగూడెడివారు. అప్పుడు గవాక్షము రంగస్థలము. ఇసుక ప్రేక్షకుల స్థానము. కాని మల్లయుద్ధములును ఏనుగుల పోరులును జరుగునాడు ఈ క్రమము తలక్రిందులగుచుండెను. పాదుషాయు, అంతఃపుర కాంతలును, అమీరులును తమతమ కిటికీలనుండి చూచువారు. క్రింది ఇసుకయే రంగము. ఒకే చోటు ఉదయమున ఒక తీరుగను, సాయంకాలమున మరియొక తీరుగను మారు ఇట్టి రంగస్థలము లోకమున అరుదు.

ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే ఆ పోరులను కన్నులార చూచెను. ఢిల్లీనుండి 1663 జూలై 1వ తేదీన ఆయన వ్రాసిన దీర్ఘలేఖలో ఆ వర్ణన కలదు. ఇసుకపై అయిదారడుగుల ఎత్తున మట్టిగోడ నొకటి లేపెడివారు. రెండేనుగులు దానికి ఇరువైపుల నిలిచి, గోడ కూలువరకు పోరాడెడివి. వానిని విడదీయుటకు ‘చర్ఖీ’ అను బాణసంచాను నడుమ కాల్చెడివారు. అంకుశము పట్టి ఆ ఏనుగులపై కూర్చుండు మావటీలు, పోరునకు బయలుదేరునపుడు మరణదండన పొందినవారివలె భార్యాబిడ్డలకడ సెలవు తీసికొనెడివారట. గవాక్షములందలి వారికి వినోదమైనది ఇసుకపై నున్నవారికి ప్రాణసంకటమని ఆ విదేశీయుడు గుర్తింపకపోలేదు. ఢిల్లీ నదీతీరమును పొగడువారు ఈ మాటను మరువరాదు.

ఆ లేఖలోనే గానమును గూర్చిన మాటయు నొకటి కలదు. కోటలోని నౌబత్‌ఖానాలో వేళవేళకు మ్రోగు సన్నాయిల, కర్ణముల, తాళముల, నగారాల రొద మొదటి దినములలో బెర్నియే చెవులకు దుర్భరమయ్యెను. కొంతకాలమునకు అలవాటుపడెను. ఆపిమ్మట వేసవి రాత్రులందు తన మిద్దెపై పరుండి, దూరమునుండి వినునపుడు అదే వాద్యము గంభీరముగను, మధురముగను తోచినదని ఒప్పుకొనెను. చెవి మారినది కొంత. దూరము చేసినది కొంత. బహిరంగ గానమునకు ఆకాశమే పైకప్పు, దూరమే గోడ అను రహస్యమును ఇంత సూటిగా చెప్పినవారు తక్కువ. ఆ నౌబత్‌ఖానా నదివైపున గాక నగరమువైపున ఉండుట గమనింపదగినది. నదివైపు చూపునకు, నగరమువైపు వినికిడికి, అని కోట కట్టినవారు పంచిపెట్టినట్లున్నది.

ఇక్కడ ఒక సంగతిని నిలిచి పరిశీలింపవలెను. మొగలాయీలు రాతిపనియందు నిరుపమానులు. వారు తలచుకొన్నచో ఆ ఇసుకపై చలువరాతి మెట్లను పరపింపలేకపోయిరా? కాని ఇసుకను ఇసుకగానే విడిచిరి. రాతికట్టడమంతయు గట్టుపైన, క్రిందిదంతయు ఋతువుతో వచ్చి ఋతువుతో పోవునది. ఏనుగుల గోడ మట్టిగోడ. నదిని దాటు వంతెన పడవల వంతెన. వానకాలమున దానిని విప్పివేయవచ్చును. శ్రావణమున యమున పొంగి కోటగోడను తాకి, ఆ మైదానమునంతను కడిగి, ఆశ్వయుజమునకు క్రొత్త ఇసుక పరచి పోయెడిది. ఏటేట నది తానే ఊడ్చి సిద్ధముచేసి యిచ్చు రంగస్థలమది. గోదావరి, కృష్ణా తీరములందు ఇసుకతిన్నెలపై పందిళ్లు వేసి ఉత్సవములు జరుపుకొను తెలుగువారికి ఈ ఏర్పాటు వివరింప నక్కరలేదు.

ఔరంగజేబు తన యేలుబడి పదునొకండవ సంవత్సరమున, అనగా 1668 ప్రాంతమున, ఝరోకా దర్శనమును మాన్పించెను. మనుష్యుని దేవునివలె చూచుట మతసమ్మతము కాదని ఆయన తలంపు. రంగము మాత్రము పోలేదు. రాజ్యము క్షీణించి, పాదుషా ఆంగ్లేయుల భరణముపై జీవించు దినములలో, రెండవ అక్బరు 1808-09లో ముసమ్మన్ బురుజునకు క్రొత్తగా ఒక గవాక్షమండపము చేర్పించి, దానిపై పారసీక శాసనము చెక్కించెను. ఏలుటకు రాజ్యము లేని రాజు కనబడుటకు చోటు కట్టించుకొనెను.

అతని కుమారుడు బహదూర్‌షా జఫర్ కాలమున ఆ ఇసుకపై ఎవ్వరును ఏర్పాటుచేయని నాటకము జరిగెను. 1857 మే నెల 10వ తేదీన మీరట్టులో తిరుగబడిన సిపాయిలు రాత్రికి రాత్రి ప్రయాణము చేసి, 11వ తేదీ ఉదయమున పడవల వంతెన దాటి, నేరుగా నగరద్వారమునకు పోక, గవాక్షము క్రింది ఇసుకపైకి వచ్చి నిలిచిరి. తమకు నాయకత్వము వహింపుమని పాదుషాను ఎలుగెత్తి పిలిచిరి. అర్జీదారులు నిలుచుచోటు అదియేనని వారు ఎరుగుదురు. కోట సంరక్షకాధికారి కాప్టెన్ డగ్లస్ పైనుండి వారిని వెడలిపొమ్మనెను. వారు కదలి, రాజఘాటు ద్వారమున నగరము ప్రవేశించిరి. ఎనుబదియొక్క యేండ్ల వృద్ధకవి గవాక్షమునుండి చూచుచుండగా, రెండు వందల యేండ్లుగా ప్రేక్షకులైనవారు ఒక్క ఉదయమున పాత్రధారులైరి. ఆ నాటకము ఎట్లు ముగిసినదో లోకవిదితము. సెప్టెంబరులో నగరము పడిపోయెను. పిమ్మట ఆంగ్లేయులు కోటలోని మందిరములను పెక్కింటిని కూల్చి, సైనికుల బారకాసులు కట్టిరి. ఒక దశాబ్దము తిరుగకముందే, పడవల వంతెన పని ఇనుపవంతెనకు దక్కెను. దానిపై రైలు సలీంగఢ్ కోట నడుమనుండి దూసుకొనిపోయెను.

ఆ రంగమున చివరి రాచవేడుక 1911 డిసెంబరు 13న జరిగెను. ముందునాడే రాజధాని కలకత్తానుండి ఢిల్లీకి మారునని దర్బారులో ప్రకటింపబడెను. అయిదవ జార్జి చక్రవర్తియు, మేరీ రాణియు కిరీటములు ధరించి రెండవ అక్బరు కట్టించిన గవాక్షమున కూర్చుండిరి. క్రింది మైదానమున లక్షలాది జనము కదలిపోవుచుండిరి. మొగలాయీల ఆచారమును ఆంగ్లేయులు వేషముతో సహా ఎరువు తెచ్చుకొనిరి. గవాక్షము అదియే, మైదానము అదియే. నది మాత్రము అప్పటికే ఎడముగా జరుగజొచ్చెను. ఆ తరువాతి దశాబ్దములందు ఆమె తూర్పునకు మరింత తొలగిపోయెను. వదలిన నేలపై రహదారులు వచ్చెను. కోటకు దక్షిణమున, 1948 జనవరి 31న మహాత్ముని చితి వెలిగిన చోటు రాజఘాటు సమాధిస్థలమయ్యెను.

స్వతంత్రభారతమున ఢిల్లీకి నాటకశాలలు కావలసివచ్చెను. 1953లో సంగీత నాటక అకాడమీయు, 1959లో జాతీయ నాట్యవిద్యాలయమును వెలసెను. 1962లో ఇబ్రహీం అల్కాజీ ఆ విద్యాలయమునకు సంచాలకుడై, 1977 వరకు దానిని నడపెను. పుణే నగరమున పుట్టి, లండనులో నాట్యవిద్య నభ్యసించి వచ్చిన ఆయనకు ఢిల్లీలో తగిన రంగశాల కొఱత కనబడెను. దానితోపాటు ఎవ్వరును రంగశాలగా తలపోయని శిథిలములును కనబడెను. 1963లో ధర్మవీర భారతి రచించిన ‘అంధాయుగ్’ పద్యనాటకమును ఫిరోజ్‌షా కోట్లా శిథిలములందు ప్రదర్శించెను. ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ ప్రేక్షకులలో ఒకరు. బెర్నియే లేఖ వ్రాసి సరిగా మూడువందల యేండ్లు గడచెను.

ఆ నాటకము కురుక్షేత్ర యుద్ధపు పదునెనిమిదవ దినపు సాయంసంధ్యతో ఆరంభమై, శ్రీకృష్ణ నిర్యాణముతో ముగియును. కౌరవ నగరమున అంధుడైన రాజు, కన్నులకు గంతలు కట్టుకొన్న రాణి, కాపుకాయుటకు ఏమియు మిగులకున్నను కాపుకాయుచున్న ఇద్దరు ప్రహరులు. గెలిచినవారెవరో, ఓడినవారెవరో తెలియని చీకటి. దేశవిభజన రక్తపాతము వెంట పుట్టిన రచన అది. దానికి చిత్రించిన తెరలు సరిపోవు. కూలిన గోడలు, మొండి తోరణములు, వానిపై నిజమైన రాత్రి కావలెను. కోట్లాలో అవి అన్నియు ఉన్నవి. ధర్మమును శిలపై చెక్కించిన రాజు స్తంభమును అక్కడనే ఉన్నది. ధర్మమును మాటలచేత నిలుపజూచి ఓడిన విదురుని పలుకులు ఆ స్తంభపు నీడన వినబడినప్పుడు, ఎంత కాలము ఎందరు విననిదియో తలపునకు రాకపోదు.

1970ల తొలి సంవత్సరములలో అల్కాజీ పురానాఖిలా ప్రాంగణమును ఎన్నుకొనెను. గిరీశ్ కర్నాడ్ రచించిన ‘తుగ్లక్’ను, బల్వంత్ గార్గీ ‘సుల్తాన్ రజియా’ను, మరల ‘అంధాయుగ్’ను అచ్చట ఆడించెను. ఆ దిబ్బయే ఇంద్రప్రస్థమని జనుల విశ్వాసము. అందుకంటె సమీపమైన జ్ఞాపకము మరియొకటి కలదు. 1947 శరత్తులో పాకిస్తానునకు తరలిపోవు ముస్లిము శరణార్థులు వేలకొలది ఆ గోడల నడుమనే తలదాచుకొనిరి. పాతికేండ్లైనను తిరిగి యుద్ధానంతర శోకమునకు ఆ గోడలే నేపథ్యమయ్యెను. పురానాఖిలాయు, కోట్లాయు ఒకప్పుడు నీటియొడ్డున నిలిచిన కోటలు. అల్కాజీ ప్రేక్షకులు కూర్చుండినది నదీతీర రంగస్థలములందే. నది మాత్రము రాలేదు.

నదికిని రంగస్థలమునకును గల సంబంధము దక్షిణమున మరియొక విధముగా ముగిసెను. కృష్ణాతీరమున ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దులనాటి చతురస్ర క్రీడాంగణమొకటి నాగార్జునకొండ త్రవ్వకములలో బయల్పడెను. నడుమ పల్లముగా చదునునేల, చుట్టును మెట్లవరుసలు. ప్రాచీనభారతమున ఇట్టి కట్టడము మిక్కిలి అరుదు. ఆ లోయలో 1954 నుండి 1960 వరకు విస్తృతమైన త్రవ్వకములు సాగుచుండగనే, 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. జలాశయము నిండినప్పుడు ఆ లోయ మునిగిపోయెను. క్రీడాంగణమును మాత్రము అనుపు అనుచోట తిరిగి నిర్మించిరి. అక్కడ నది రంగస్థలమును తన కడుపులో దాచుకొనెను. ఇక్కడ రంగస్థలమును ఒడ్డున విడిచి తాను వెడలిపోయెను. మొదటిదానికి కారణము ఎల్లరకు తెలియును. పొలములకు నీరు కావలసివచ్చెను. రెండవదానికి కారణము అంత సులభముగా చెప్పబడదు.

నది తానుగా జరుగుట ప్రకృతి. కాని ఆమెను అనుసరించి పోవుట ఢిల్లీ మానుకొనెను. వజీరాబాదు ఆనకట్టకడ నగరము తనకు కావలసిన త్రాగునీరు తీసికొనును. దాని దిగువనే నజఫ్‌గఢ్ మురుగుకాలువ వచ్చి కలియును. అక్కడినుండి ఓఖ్లా వరకు గల దూరము సుమారు 22 కిలోమీటర్లు. 1,376 కిలోమీటర్ల యమునలో నూటికి రెండవ వంతైనను కాదు. ఆమె మోయు కల్మషములో మూడువంతులకు పైగా చేరునది ఈ కొద్దిదూరముననే. వేసవిలో అక్కడ పారునది చాలమట్టుకు నగరపు మురుగే. వేసవి సాయంకాలమున ఏ చల్లదనము కొఱకు జనులు ఒడ్డునకు పోయిరో, ఆ చల్లదనమునకు ముందు దుర్గంధము ఎదురువచ్చును. ధ్వని నేటికిని నీటిమీద వంగి ప్రయాణించును. వినుటకు ఒడ్డున కూర్చుండువారు లేరు.

ఒడ్డునకు మరల పోవలెనను కోరిక ఇటీవల తలయెత్తినది; అది మెచ్చదగినదే. అయినను ఎట్లు పోవలెనను ప్రశ్న మిగిలియున్నది. వరదమైదానమున కట్టడములు కూడదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015 జనవరిలో తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరము మార్చిలో అదే మైదానమున మూడు దినములపాటు బ్రహ్మాండమైన సాంస్కృతికోత్సవము జరిగెను. దానికొఱకు నేల చదును చేయబడెను, తడినేలలు పూడ్చబడెను. నిర్వాహకులపై ట్రిబ్యునలు 5 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారము విధించెను. 2017లో మైదానమునకు జరిగిన హానికి వారిదే బాధ్యతయని నిర్ణయించెను. గానము చేసిన అపరాధమేమియు లేదు. నృత్యము చేసిన అపరాధమును లేదు. మొగలాయీలు ఇసుకను ఇసుకగా విడిచిరి. ఈ కాలమువారు ఇసుకను గచ్చుగా మార్చజూచిరి. తప్పు అక్కడ ఉన్నది. ఏటియొడ్డు రంగస్థలము ఏడాదికొకమారు ఏటికి తిరిగి యిచ్చివేయదగినదై యుండవలెను.

నది ఈ మాటను తానే చెప్పినది. 2023 జూలైలో హిమాలయ ప్రాంతపు వానలకు యమున పొంగెను. పాత ఇనుపవంతెనకడ ప్రమాదసూచిక 205.33 మీటర్లు. జూలై 13న నీటిమట్టము 208.66 మీటర్లు చేరెను. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు దాటిపోయెను. వలయమార్గము మునిగెను. రాజఘాటులోనికి నీరు వచ్చెను. ఎర్రకోట తూర్పుగోడను యమున మరల తాకెను. మైదానమున గుడిసెలు వేసుకొని బ్రతుకు పేదలు వేలకొలది సర్వము కోల్పోయి రోడ్లప్రక్కను చేరిరి. కావున దానిని వేడుకగా వర్ణించుట పాపము. అయినను ఆ దినములందు, చాలకాలముగా రహదారిని మాత్రమే చూచిన ఆ గవాక్షముల క్రింద నీరు నిలిచెను. రంగమహలు దేనికొఱకు తూర్పుముఖమై కట్టబడెనో చూచినవారికి అర్థమయ్యెను.

కొన్ని దినములకు నీరు తీసిపోయెను. రోడ్డుపై ఒండ్రుమట్టి మిగిలెను. పూర్వము ఆ ఒండ్రునే, ఆ ఇసుకనే, నది రాబోవు వేసవికై పరచి పోయిన చాపగా ఢిల్లీ ప్రజలు భావించియుందురు. ఇప్పుడు పురపాలకులు యంత్రములు తెచ్చి దానిని ఎత్తిపోయించిరి. వాహనములు యథాప్రకారము నడచినవి.